ఆగడం తీసేసిన రోజు

ఆఫీసులో అందరూ కత్తెర అని పిలిచే మనిషి బ్రెడ్డు ముక్కల అంచులు కోస్తున్నాడు. పొద్దున్న లేచి పళ్ళు తోముకోగానే చేసే మొదటి పని ఇదే. అత్తయ్యకి అంచులు నమలడం కష్టం. మధ్యభాగం ఆవిడ పళ్ళెంలో పెట్టి, కోసిన అంచులు తను టీలో ముంచుకుని తింటాడు. ఇన్నేళ్ళుగా ఇదే తిండి కావడంతో అతను బ్రెడ్డు మధ్యభాగం ఎలా ఉంటుందో పూర్తిగా మర్చిపోయాడు. ఎవరైనా ఒక నిండు ముక్క చేతికిస్తే, అంచుల మధ్య ఇరుక్కున్న ఈ తెల్లటి పదార్థం ఏమిటని అడిగే స్థితికి వచ్చాడు.

సన్నటి మనిషి. చొక్కా అతని ఒంటి మీద ఉన్నప్పటికంటే హ్యాంగరు మీద ఉన్నప్పుడే కాస్త నిండుగా కనిపిస్తుంది. ఆఫీసులో కంప్యూటరు తెరని ఎవరో ఎప్పుడో కాస్త పక్కకి బిగించారు. దాన్ని సరిచెయ్యమని అడగడానికి మొహమాటపడి, తెర ఎటుంటే అటే మెడ తిప్పుకుని ఇన్నేళ్ళూ పనిచేశాడు. ఇప్పుడు మెడ అలాగే ఉండిపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళు తమ చెవి వెనక ఏదో అంటుకుందేమోనని ఓసారి తడుముకుంటారు.

"ఇవాళ కూడా కొయ్యడానికేనా బాబూ?" అంది అత్తయ్య, మంచం మీద దిండుకి ఆనుకుని.

"వెళ్ళాలి అత్తయ్యా."

"ఇంకా మిగిలిందా ఆ యాప్‌లో? నేనొచ్చినప్పట్నించీ కోస్తూనే ఉన్నారు. ఈపాటికి ఓ గుండీ, దానికో దారప్పోగు మిగిలుండాలి."

"వాళ్ళు ముందు నుంచి కుడుతూ ఉంటారు. నేను వెనకనుంచి కోస్తూ ఉంటాను."

"అందరూ కలిసి ఇంట్లో పడుకుంటే సరిపోయేదిగా."

కత్తెర కాసేపు ఆలోచించాడు. ఆ మాటలో తప్పేమిటో అతనికి దొరకలేదు.

అత్తయ్యకి గుండె పెద్దదైంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము లైటుకి ఎదురుగా పెట్టి చూపించి ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ ఎంతో సంతోషించింది. "మా ఆయన బతికినన్నాళ్ళూ నాకసలు గుండే లేదనేవారు. ఆ కాయితం ఓటి ఇవ్వండి, ఎక్కడున్నా పంపిస్తాను" అంది. డాక్టరు నవ్వలేదు. కత్తెరని బయటికి పిలిచి, ఆవిడ్ని ఒంటరిగా ఉంచకండి అన్నాడు. ఒంటరిగా ఉంచకపోతే ఉద్యోగం ఉండదు. అందుకని ఆవిడ వాడే ఫోనులో బెల్లు పెట్టాడు.

ఆ బెల్లు అతని ఆఫీసు వాళ్ళ యాపే. ఇంట్లో ఒంటరిగా ఉండే రోగుల కోసం. ఎర్ర బటన్ నొక్కితే దగ్గర్లో ఉన్న నర్సు ఫోను మోగుతుంది. ఆమె సరేననగానే ఇవతల తెర మీద 'వస్తున్నారు' అని పడుతుంది. బొత్తిగా ఎవరూ లేకపోతే కొంతసేపు చూసి 'ఎవరూ పలకలేదు' అంటుంది.

ఫోను మాత్రం చనిపోయిన అతని భార్యది, అంటే అత్తయ్య కూతురిది. ఓ మూల పగిలింది, బటన్ల మీద రంగు పోయింది, లోపల ఆవగింజ పట్టే చోటు లేదు. చోటంతా ఆమె తీసిన ఫోటోలే. గొప్ప ఫోటోలేమీ కావు. సగం తన బొటనవేలు, కొన్ని ఇంటి కప్పు, రబ్బరు రింగు ఏ సైజుదో దుకాణంలో చూపించడానికి తీసిన కుక్కర్ మూత. ఆ కుక్కర్ మూతని ఆమె ఎన్ని వైపుల నుంచి తీసిందంటే, ప్రపంచంలో మరే మూతకీ అంత మర్యాద జరిగుండదు. ఫోటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి ఫోను ఖాళీ చేస్తానని అతను ఒకసారి అన్నాడు. "అక్కడికి వెళ్ళేవి నకళ్ళు కదా బాబూ. ఇక్కడున్నవేగా అది తీసినవి" అంది అత్తయ్య. కంప్యూటర్లతో తల నెరిసినవాడు, నకలుకీ అసలుకీ అణుమాత్రం తేడా ఉండదని చెప్పగలిగినవాడు, చెప్పలేదు. అతనికీ అలాగే అనిపించింది. కొత్త ఫోను కొనిచ్చాడు. మంచం ఊగుతోందని ఆవిడ దాన్ని పెట్టెతో సహా ఒక కోడు కింద పెట్టింది. మంచం ఊగడం ఆగిపోయింది కాబట్టి ఆ కొనడం వృథా అని కూడా అనలేం.

"మెట్ల దగ్గర జాగ్రత్త. మెడ తిన్నగా పెట్టి దిగండి" అంది అత్తయ్య.

"అలాగే" అని, మెడ ఎటుందో అటే పెట్టుకుని దిగాడు.

బస్సులో అతనికెప్పుడూ కిటికీ పక్క సీటే దొరుకుతుంది. మెడ తిరిగినవైపు కిటికీ ఉంటేనే పక్కవాళ్ళకి ఇబ్బంది ఉండదని కండక్టరుకి కూడా తెలుసు. కిటికీలోంచి షట్టర్లు ఎత్తుతున్న దుకాణాలూ, ఎవరికోసమో నిలబడ్డ మనుషులూ వెళ్ళిపోతుంటారు.

అతని పని ఇది. యాప్ రాసేవాళ్ళు కుప్పలు కుప్పలుగా కోడ్ రాస్తారు. సగం వాడరు. ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాని అసలు పేరు పలకడం ఎవరికీ చేతకాక కత్తెర అంటారు. దాన్ని నడిపేవాడు కాబట్టి ఇతనికీ ఆ పేరే స్థిరపడింది. అది యాప్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి, కోడ్ ముక్కల్లో ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో ఒక్కొక్కర్నీ పట్టుకుంటూ లోపలికి వెళుతుంది. పిలుపు అందినవాళ్ళు బతుకుతారు. ఎవరూ పిలవనివాళ్ళని తీసి పారేస్తుంది. మిగిలినవాళ్ళ పొడుగాటి పేర్లు చెరిపేసి తలా ఒక అక్షరం అంటగడుతుంది. చిక్కల్లా ఒకటే. కొందరిని యాప్ నడుస్తుండగా, ఆఖరి క్షణంలో, పేరుపెట్టి పిలుస్తారు. ఆ పిలుపు ముందుగా వినపడదు. ఎవరికీ అక్కర్లేదనుకుని కత్తెర వాళ్ళనీ కోసేస్తుంది. తర్వాత యాప్ పేరు పెట్టి పిలుస్తుంది, ఎవరూ పలకరు, యాప్ నిలువునా కూలుతుంది. అలాంటివాళ్ళని ముందే కనిపెట్టి 'దీన్ని ముట్టుకోకు' అని రూలు రాయడానికే అతనికి జీతం.

ఈ లెక్కలో తనకీ అత్తయ్యకీ మధ్య ఏముందా అని అతను బస్సులో అప్పుడప్పుడు చూసుకుంటాడు. ఇద్దర్నీ కలిపిన మనిషి ఒక్కతే. ఆమె పోయింది. కర్మకాండ అయ్యాక అత్తయ్య వెళ్ళిపోతుందేమోనని అతను ఎదురుచూశాడు. అల్లుడు వెళ్ళమంటాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. ఇద్దరూ మర్యాదకి ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ ఒక సంసారం పెట్టేశారు. కత్తెర చేతికి దొరికితే ఇద్దర్నీ కలిపి ఒక్క వేటుకి తీసేస్తుంది. ఎందుకంటే వాళ్ళని పిలిచేవాళ్ళెవరూ లేరు, వాళ్ళిద్దరూ ఒకర్నొకరు పిలుచుకోవడం తప్ప. అది లెక్కలోకి రాదు.

ఆఫీసులో మేనేజరు అప్పటికే బోర్డు మీద ఎర్రగీత గీసి నిలబడ్డాడు. మేనేజరు కుర్రవాడు కాదు గానీ కుర్రవాడిలా కనిపించడానికి రోజులో సగంసేపు కష్టపడతాడు, మిగతా సగం పడ్డ కష్టం కనిపించకుండా ఉండటానికి.

"కత్తెరగారూ, సాయంత్రానికి యాప్ సైజు ఈ గీత కిందకి దిగాలండీ."

"దిగకపోతే?"

"దిగకపోతే ఏముంది, పాత ఫోన్లు వదిలేద్దాం. పాత యాప్ ఎలాగూ ఇవాళ్టితో ఆఖరు, రేపట్నించి పనిచెయ్యదు. కొత్తది ఎక్కనివాళ్ళు కొత్త ఫోను కొనుక్కుంటారు."

"కొంటారండీ" అన్నాడు కత్తెర. "కొని మంచం కోడు కింద పెడతారు."

మేనేజరు విరగబడి నవ్వాడు. జోకనుకున్నాడు. ఆ పాత ఫోన్లలో ఒకటి తన ఇంట్లో ఉందనీ, దాన్లో ఎక్కాలంటే గీత కిందకి దిగడం ఒక్కటే దారనీ కత్తెర ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఫోటోలు తీసేస్తే సరిపోతుంది కదా అంటారు.

కూచున్నాడు. కత్తెరని ఎన్ని చుట్లు తిప్పాలో పెంచాడు. ఒక చుట్టులో పోనిది రెండో చుట్టులో పోతుంది, కొందరి మీద కోపాల్లాగే. కొంచెం తగ్గింది. చిన్న చిన్న ముక్కల్ని ఒకదాన్లో ఒకటి కలిపేసుకోవడానికి అనుమతిచ్చాడు. ఇంకొంచెం తగ్గింది. గీత ఇంకా కిందే ఉంది.

అప్పుడు లాగ్‌ల మీద పడ్డాడు. కోడ్ రాసేవాళ్ళు చీకట్లో నడిచేవాడు ఈల వేసినట్టు, అడుగడుక్కీ తమకి తామే ఒక మాట రాసుకుంటారు. 'ఇక్కడికి వచ్చాం.' 'ఇదీ దాటాం.' 'ఇక్కడికెందుకొచ్చామో తెలీదు.' ఒకచోట ఉత్తినే 'అమ్మయ్య' అని ఉంది. ఇవేవీ రోగులకి అక్కర్లేదు. ఈ లాగ్ క్లాసులో, అంటే ఈ మాటలన్నీ రాసే కోడ్ గుంపులో, ఉన్నవి పిలిచినా పిలవకపోయినా ఒరిగేదేమీ లేదు, పిలుపులన్నీ తీసెయ్యమని ఒక రూలు రాస్తే చాలు. అందులో ఒక్కొక్క దాని పేరూ విడివిడిగా రాయాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ అతను చెప్పే మొదటి పాఠం అదే: బద్ధకించి, 'ఇందులోవన్నీ' అని అర్థమొచ్చే స్టార్ గుర్తు పెట్టకండి.

గోడ గడియారం చూశాడు. అత్తయ్య మందు వేసుకునే వేళ. వేసుకుందో లేదో. చెయ్యి దానంతటదే స్టార్ పెట్టేసింది.

యాప్ తయారవుతున్నంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఎదురుచూడటంలో అతన్ని మించినవాడు లేడు. ఆఫీసులో ఎదురుచూపులకి పోటీ పెడితే, ఫలితం చెప్పేదాకా కదలకుండా కూచుని ఆ బహుమతీ అతనే కొట్టేవాడు. తెర మీద సైజు వచ్చింది. గీతకి ఎంతో కింద.

"చూశారా! అనుకుంటే ఏదైనా అవుతుంది" అన్నాడు మేనేజరు, తను అనుకోవడం వల్లే అయినట్టు.

యాప్‌ని భూకంపానికి పంపారు. భూకంపం అంటే టెస్టింగ్ చేసే ఆవిడ. ఆవిడ చెయ్యి పడితే ఎంత గట్టి యాప్ అయినా కూలాల్సిందే. ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె ఆవిడ వస్తుంటే వాటంతటవే ఆగిపోతాయని చెప్పుకుంటారు. ఆవిడ బల్ల మీద రెండు ఫోన్లు ఉంటాయి. ఒకటి రోగిది, ఒకటి నర్సుది.

"అన్నయ్యా, ఇలా వచ్చి ఈ చోద్యం చూడండి."

వెళ్ళాడు. ఆవిడ ఎర్ర బటన్ నొక్కింది. వేలు పైకి లేవకముందే 'ఎవరూ పలకలేదు' అని పడింది. ఆ తర్వాత, తీరుబడిగా, పక్కనున్న నర్సు ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగుతూనే ఉంది. ఇవతల రోగి ఫోనుకి దాని సంగతే పట్టలేదు.

కత్తెర బొటనవేలితో కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. అతనికి అర్థమైపోయింది. ప్రతి క్లాసుకీ వంశానికి మూలపురుషుడి లాంటిది ఒకటుంటుంది. దాన్నుంచి అందరికీ వారసత్వంగా కొన్ని వస్తాయి. వాటిలో ఒకటి, అవతలివాళ్ళు పలికేదాకా ఆగడం. స్టార్ గుర్తు లాగ్‌లని మాత్రమే పట్టలేదు. వారసత్వంగా వచ్చినవాటినీ పట్టింది. ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదని కత్తెర సాఫ్ట్‌వేర్‌కి తనే రాసిచ్చాడు. అది నమ్మి, యాప్ మొత్తంలో ఆగాల్సిన ప్రతి చోటా ఆగడాన్ని తీసేసింది.

"ఏం పోయింది?" అంది భూకంపం.

"ఆగడం పోయిందమ్మా. పొరపాటున ఆగడం తీసేశాను."

"మా ఇంట్లో అందరికీ పుట్టుకతోనే తీసేశారు" అంది ఆవిడ. "వాళ్ళకెవరు రాశారో రూలు."

స్టార్ తీసి, లాగ్‌ల పేర్లు ఒక్కొక్కటీ రాసి, మళ్ళీ తయారుచేశాడు. ఆగడం తిరిగొచ్చింది. సైజు గీతకి ఒక్క వెంట్రుక పైన ఆగింది.

మేనేజరు గీత వంకా, తెర వంకా, తన ముఖం కనిపిస్తున్న కిటికీ అద్దం వంకా చూసుకున్నాడు. "ఇందాకటిదే పంపించేద్దామా? అది దిగిందిగా. ఎవరూ పలకలేదంటే ఇంకోసారి నొక్కుకుంటారు. వాళ్ళకేం పని?"

"రెండోసారి నొక్కరండీ."

"ఎవరు?"

కత్తెర తల దించుకున్నాడు. "నొక్కేవాళ్ళు" అన్నాడు.

అతనికి అత్తయ్య కళ్ళముందే కనిపిస్తోంది. ఒక్కసారి నొక్కుతుంది. ఎవరూ పలకలేదని చూస్తుంది. పాపం ఏ పనుల్లో ఉన్నారో అనుకుంటుంది. ఫోను దిండు కింద పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకుంటుంది.

"టీ తాగొచ్చేలోపు చూడండి మరి" అన్నాడు మేనేజరు. "ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఇంక కొయ్యడానికి మిగిలింది ఒక్కటే. రూళ్ళ ఫైలులో అడుగున ఉంది. భార్య పోయి, సెలవు అయిపోయి తిరిగొచ్చిన వారం రాసింది. ఆ వారం అతను ఏదీ కోయలేకపోయాడు. ఏ ముక్క చూసినా, దీన్ని ఎవరైనా ఎక్కడినుంచో పిలుస్తారేమో అనిపించేది. అందుకని ఒక పెద్ద ఫోల్డరు మొత్తానికి కలిపి ఒకటే రూలు రాసిపడేశాడు: ఇందులో దేన్నీ ముట్టుకోకు. ఆ తర్వాత అతనూ దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడు తెరిచాడు. ఒక్కొక్క క్లాసూ తీసి, దీన్ని పిలిచేవాళ్ళెవరని వెతుకుతూ కూచున్నాడు. పిలుపు ఉన్నవాటికి పేరు పేరునా రూలు రాశాడు. లేనివి వదిలాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే తెర ఒకటుంది. ఎంతో ముచ్చటగా, బుడగలు ఎగరేస్తూ ఎవరో రాశారు. దాన్ని పిలవడం మర్చిపోయి ఉద్యోగం మానేశారు. ఇన్నేళ్ళలో ఒక్క రోగికీ పుట్టినరోజు రాలేదు. దాని దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత వదిలేశాడు. ఆఖర్న ఆ పెద్ద రూలు తుడిచేస్తుంటే, తాళం వేసిన గదిలో ఉత్త కుర్చీ ఒక్కటే ఉందని తెలిసినవాడిలా అయిపోయాడు.

సైజు గీత కిందకి దిగింది. గొప్పగా కాదు. దిగింది.

భూకంపం ఎర్ర బటన్ నొక్కింది. ఇద్దరూ చూస్తున్నారు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది. ఆగింది యాప్, బుద్ధిగా, ఎంతసేపైనా ఉంటానన్నట్టు. నర్సు ఫోను మోగింది. ఆవిడ ఎత్తింది. 'వస్తున్నారు' అని పడింది.

"ఇంకోసారి నొక్కమ్మా" అన్నాడు కత్తెర.

"పడగొట్టమంటారా?"

"ఊరికే. చూడ్డానికి."

కొత్త యాప్ అందరికీ వెళ్ళగానే కారిడార్లోకొచ్చి ఇంటికి ఫోను చేశాడు. అత్తయ్య తీయడానికి చాలాసేపు పట్టింది. అతను ఆగాడు.

"అత్తయ్యా, తెర మీద పచ్చ గుర్తొకటి వచ్చుంటుంది. దాని మీద నొక్కండి."

"నొక్కాను. ఏదో గుండ్రంగా తిరుగుతోంది. ఇప్పుడు నేనేం చెయ్యాలి, నేనూ తిరగాలా?"

"ఏమీ వద్దు. అయ్యిందా?"

"అయ్యింది."

"ఫోటోలు ఉన్నాయా?"

"ఉన్నాయి. కుక్కర్ మూత కూడా ఉంది." ఆవిడ ఊపిరి ఫోనులో వినపడుతోంది, మెట్లెక్కినట్టు. ఆవిడ మెట్లెక్కి చాలా కాలమైంది.

"ఆయాసంగా ఉందా అత్తయ్యా?"

"ఎప్పుడూ ఉండేదే."

"ఎర్ర బటన్ ఓసారి నొక్కి చూడండి. పనిచేస్తోందో లేదో తెలుస్తుంది."

"ఏమీ లేకుండా ఎందుకు నొక్కడం బాబూ? పాపం ఆ పిల్ల అన్ని మెట్లూ ఎక్కి రావాలి. వచ్చాక ఊరికే పిలిచానంటే బాగుంటుందా?"

"సరే. నేను వస్తున్నాను."

"నిదానంగా రండి. మెడ జాగ్రత్త."

మేనేజరు బోర్డు మీద గీత తుడిచేస్తున్నాడు. కత్తెర వెళ్ళొస్తానంటే, అప్పుడేనా అన్నట్టు చూసి, రోజూ ఇదే వేళకి వెళతాడని గుర్తొచ్చి చెయ్యి ఊపాడు. బస్సు మామూలుగానే వచ్చింది. కిటికీలోంచి షట్టర్లు దించుతున్న దుకాణాలు వెళ్ళిపోయాయి. బస్సు దిగి బ్రెడ్డు కొన్నాడు.

మెట్లు ఎక్కి వచ్చేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. గుమ్మంలో తెల్లకోటు వేసుకున్న ఒకామె నిలబడి ఉంది. భుజానికి సంచీ. ముఖం అలిసిపోయి ఉంది.

"అల్లుడుగారు మీరేనా అండీ?"

తలూపాడు.

"బెల్లు కొట్టారండీ. నేను వెనక వీధిలోనే ఉన్నాను, పరిగెత్తుకొచ్చాను. వచ్చేసరికి గడియ తీసిపెట్టి, మంచం మీద కూచుని ఉన్నారు. చెయ్యి పట్టుకున్నాను. 'వచ్చావా తల్లీ, ముందు మంచినీళ్ళు తాగు, మెట్లెక్కి వచ్చావు' అన్నారు. నేను నాడి చూస్తున్నాను కదాని..." ఆమె భుజం మీద సంచీ సర్దుకుంది. "అంతేనండీ. ఇంకేం మాట్లాడలేదు. బాధపడలేదు. డాక్టరుగారు కూడా వచ్చి చూసి, ఇప్పుడే కిందకి వెళ్ళారు."

కత్తెర లోపలికి వెళ్ళాడు. అత్తయ్యని తిన్నగా పడుకోబెట్టారు. ఎప్పుడూ దిండుకి ఆనుకుని ఉండే మనిషి అలా తిన్నగా ఉంటే ఎవరో పొడుగాటి కొత్తావిడలా ఉంది. బ్రెడ్డు పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

నర్సు వెనకాలే వచ్చి నిలబడింది. ఆమె ఫోను వెలుగుతోంది.

"ఏమీ అనుకోకండి. ఇందులో 'పని అయిపోయింది' అని నొక్కాలండీ. నొక్కితేగానీ ఈ బెల్లు మూసుకోదు. అందాకా ఇలా ఎదురుచూస్తూనే ఉంటుంది. నొక్కమంటారా?"

అతను మంచం వైపు చూశాడు. మెడ తిరిగి ఉండటం వల్ల మంచం వైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సొచ్చింది.

"కాసేపు ఉండనివ్వమ్మా" అన్నాడు.

ఆమె సరేనని ఫోను కిందకి దించింది. మంచం పక్కకి ఒక కుర్చీ లాగి ఉంది. వచ్చే మనిషి కూచోడానికి వీలుగా దాని ముఖం ఇటు తిప్పి ఉంది. పక్కన స్టూలు మీద గ్లాసు నిండా మంచినీళ్ళు, దుమ్ము పడకుండా పైన ఒక సాసరు బోర్లించి ఉంది.